అమ్మ పటాలు తుడిచిన నర్సమ్మ పిన్ని

మంగళవారం పొద్దున్న బడిలో ప్రార్థన జరుగుతుండగా చేతిసంచిలో ఫోను రెండుసార్లు కదిలింది. పిల్లలు ప్రతిజ్ఞ చెబుతున్నారని తీయలేదు. మూడోసారి కూడా కదిలేసరికి వరండా చివరికి వెళ్ళి చూశాను. పక్కింటి పిన్ని కూతురు.

"అక్కా, అమ్మ ఎల్లిపోయింది," అంది. "కాఫీ ఇద్దామని లేపేను. లెగలేదు." ముక్కు ఎగబీల్చి, "సేతులు దుప్పటి బైటే పెట్టుకుని పడుకుందక్కా, ఎప్పట్లాగే," అంది. ఇవతల పిల్లలు జనగణమన మొదలుపెట్టారు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అది అయ్యేదాకా నిలబడ్డాను.

మీలో చోడవరంలో ఉంటున్నవాళ్ళు, ఒకప్పుడు ఉండి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, "నర్సమ్మ" అన్న ఒక్కమాటతో మనిషిని పోల్చుకుంటారు. గవర్నమెంటు ఆసుపత్రిలో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఊళ్ళో సగంమందికి ఆమె చేతి సూది తెలుసు, పేరు తెలియదు. నేను కూడా ఇక్కడ పేరు రాయడం లేదు. మా వీధిలో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవలేదు. అమ్మకి ఆమె నర్సమ్మ, నాకు పిన్ని. చుట్టరికం ఏమీ లేదు. మా రెండిళ్ళకీ మధ్య ఒక గోడ, అంతే.

మాది గూట్లోనూ గోడలమీదా దేవుడి పటాలున్న ఇల్లు. వాళ్ళది గోడకి మేకు కూడా లేని ఇల్లు. పిన్ని వాళ్ళ చర్చిలో సిలువ కూడా ఉత్త కర్ర సిలువే. దానిమీద మనిషి బొమ్మ ఉండదు. "ఆర్‌సీఎం వాళ్ళ గుడిలో మేరీమాత ఉంటాది, మాకు ఉండదు," అని చిన్నప్పుడు ఒకసారి నాకు చెప్పింది. క్రైస్తవులందరూ ఒకటే అనుకునేదాన్ని నేను. అప్పుడే తెలిసింది, బొమ్మ ఉండాలా వద్దా అన్నది వాళ్ళలో వాళ్ళకీ తేలలేదని.

పిన్ని ఎవరింటికి వెళ్ళినా ముందు కుళాయి ఎక్కడుందో చూసేది. మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కుని అప్పుడు పలకరించేది. "ముందు సెయ్యి, తరవాత మాట," అనేది. రోగి మంచం మీద ఎప్పుడూ కూర్చునేది కాదు. కుర్చీ లేకపోతే నిలబడే ఉండేది. సూది వేసేముందు "ఇవాళ ఇంట్లో కూరేటి?" అని అడిగేది. వంకాయో బీరకాయో అని మనం చెప్పేలోగా సూది బయటికి వచ్చేసేది. ఒకసారి జ్వరంలో నేను ఆ కిటుకు కనిపెట్టి జవాబు చెప్పకుండా మూతి బిగించాను. "కూర సెప్పకపోతే మానె, పులుసేనా సెప్పవే," అంది. నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే వేసేసింది.

వినాయక చవితినాడు అమ్మ చీకటితోనే లేచి ఉండ్రాళ్ళు, పులిహోర, పరవాన్నం చేసేది. పొయ్యి మీంచి దించగానే, దేవుడి దగ్గర పెట్టకముందే, ఒక స్టీలు డబ్బాలో పిన్ని వాటా తీసి పక్కన పెట్టేది. నాకది వింతగా ఉండేది. దేవుడికంటే ముందు పక్కింటావిడకి తీయడమేమిటని అడిగాను.

"నైవేద్యం అయ్యేక అది తినదు కదే. ముందే తీసేస్తే ఉత్త వంటే. ఇందులో దేముడికి పోయిందేటి, దానికొచ్చిందేటి?" అంది అమ్మ.

అటునుంచి క్రిస్మస్‌కి కేకు వచ్చేది. మార్గశిర మాసంలో లక్ష్మివారాలు అమ్మ గుడ్డు ముట్టేది కాదు. పండగ అలాంటి రోజున పడితే పిన్ని మాకోసం గుడ్డు లేకుండా చిన్న గిన్నెలో వేరేగా చేసేది. అది ఎప్పుడూ సరిగ్గా పొంగేది కాదు. మధ్యలో గుంట పడి, అంచులు గట్టిపడి ఉండేది. అమ్మ దాన్ని పాలల్లో ముంచుకుని, "బాగుందే నర్సమ్మా," అని గోడమీంచి కేకేసి చెప్పేది.

ఇద్దరూ ఎప్పుడూ దేవుడి గురించి మాట్లాడుకోలేదని కాదు. మాట్లాడుకున్నారు, వాదించుకున్నారు కూడా. నేను టీచరు ట్రైనింగు చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట వచ్చింది.

"మనుషులు సేసిన బొమ్మకి మొక్కొద్దని మాకు ఆజ్ఞక్కా," అంది పిన్ని.

"మరైతే మన ఇనాయకుణ్ణి ఎవలు సేసేరే? బూమిలోంచి తనంతట తనే లేచేడు. ఇంకా సగం లోపలే ఉన్నాడు," అంది అమ్మ. మా ఊరి గుళ్ళో స్వామి స్వయంభువు. అమ్మ దగ్గర అంతకన్నా పెద్ద ఆధారం లేదు.

పిన్ని నవ్వింది. "దానికి నాకాడ జవాబు లేదు. కానీ నీ గూట్లో పటాలు బజార్లో కొన్నవే కదా?"

"కొన్నాక బొట్టెట్టేను కదా. ఇంక బజారువి ఎలాగవుతాయి?"

ఆ వాదన అక్కడే ఆగిపోయింది, ఎందుకంటే చిక్కుడుకాయలు అయిపోయాయి. కానీ అదే వారంలో ఇంకోటి జరిగింది. అమ్మ పచ్చడి ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళింది, వెనకాల నేనున్నాను. పిన్ని బల్లమీద బైబిలు తెరిచి ఉంది. అందులో ఒక ఫొటో. పిన్ని భర్త. నా చిన్నప్పుడే పోయాడాయన. అంచులు నలిగి, మొహం సగం వెలిసిపోయి ఉంది.

అమ్మ ఫొటో వంక చూసి, పిన్ని వంక చూసి, "మరి ఇదేటే?" అంది. గెలవడానికి అడిగినట్టు లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టుంది.

పిన్ని పచ్చడి గిన్నె మూత తీసి, వాసన చూసి, మళ్ళీ మూత పెట్టింది.

"ఇది ఆయన కాదని నాకు తెల్సక్కా. దీనికి నాను మొక్కను."

"మొక్కుతావని నానన్నానేటి? మరెందుకు దాసేవు?"

"మొకం మర్సిపోతానని బయం," అంది పిన్ని.

అమ్మ ఆ ఫొటోని పుస్తకంలోకి జాగ్రత్తగా తోసి, "నాకూ అదే బయవే, నర్సమ్మా," అంది. అమ్మ అన్నది అప్పటికే పోయిన మా నాన్న గురించో, గూట్లో దేవుళ్ళ గురించో నాకు ఇప్పటికీ తెలియదు. తిరిగొచ్చేటప్పుడు అడిగితే, "పద పద, కుక్కర్ ఎట్టీసొచ్చేను," అంది.

ఏడేళ్ళ కిందట అమ్మకి పక్షవాతం వచ్చింది. బట్టలు ఆరేస్తూ పడిపోయింది. కుడిపక్క చెయ్యీ కాలూ పోయాయి, మాట పోయింది. ఆసుపత్రినుంచి తీసుకొచ్చేసరికి అమ్మ దగ్గర రెండే మాటలు మిగిలాయి. ఒకటి "కాదు", ఇంకోటి "అది". నీళ్ళు కావాలన్నా "అది", నేను కావాలన్నా "అది".

నేను పెళ్ళి చేసుకోలేదు. అది వేరే కథ. ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే. కె.కోటపాడు హైస్కూల్లో తెలుగు చెబుతాను, ఏడున్నర బస్సు పట్టుకోవాలి. సెలవులన్నీ అయిపోయాక ఏం చెయ్యాలో తెలీక వరండాలో కూర్చుని ఉంటే పిన్ని వచ్చి, "నువ్వు బడికెల్లు. మీ అమ్మని నాను సూసుకుంటాను," అంది.

"ఎన్నాళ్ళని చూస్తావు పిన్నీ?"

"నా కాళ్ళు ఆడినన్నాళ్ళు."

అలా మొదలైంది. కాని పొద్దున్న పూట అమ్మతో ఒక పెద్ద ఇబ్బంది వచ్చింది. కళ్ళు తెరవగానే ఎడమచేత్తో గూటి వైపు చూపిస్తూ "అది, అది," అనేది. నేను హడావిడిగా దీపం వెలిగించి, రెండు పువ్వులు పెట్టి, "అయిందమ్మా," అనేదాన్ని. "కాదు," అనేది. అగరొత్తి వెలిగించేదాన్ని. "కాదు." కళ్ళనిండా నీళ్ళు పెట్టుకునేది. నేను విసుక్కుని బస్సుకి పరిగెత్తేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక నెల తరవాత బడి ఒంటిపూట పెట్టినప్పుడు తొందరగా ఇంటికొచ్చాను. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల అమ్మ గూటికి ఎదురుగా కుర్చీలో ఉంది. పిన్ని ఒక్కొక్క పటం కిందకి దించుతోంది. తడిగుడ్డతో అద్దం తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచి, అమ్మ మోకాళ్ళ మీద నిలబెట్టి పట్టుకుంటోంది. అమ్మ ఎడమచేతి వేలు కుంకంలో ముంచి, వణుకుతూ, లక్ష్మీదేవికి బొట్టు పెడుతోంది. అది నుదుటి మీద పడలేదు, చెంప మీద పడింది. పిన్ని దాన్ని తుడిచి, అమ్మ మోచెయ్యి కింద తన అరచెయ్యి ఆనించి, "మళ్ళీ ఎట్టు. కొంచెం పైకి. తొందరేటి?" అంది. రెండోసారి సరిగ్గా పడింది. అమ్మ మొహం విప్పారింది.

దీపం దగ్గరికొచ్చేసరికి పిన్ని అగ్గిపెట్టె గట్టిగా పట్టుకుంది. పుల్ల అమ్మ గీసింది. నాలుగు పుల్లలు విరిగాయి. అయిదోది వెలిగింది. వత్తి అమ్మే వెలిగించింది. అమ్మ కళ్ళు మూసుకోగానే పిన్ని రెండడుగులు వెనక్కి వేసి, చేతులు వెనక్కి కట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. మొక్కలేదు. వెళ్ళిపోనూ లేదు. అమ్మ కళ్ళు తెరిచేదాకా అలాగే ఉంది.

నేను చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడిపోయాను. నెల్లాళ్ళుగా నాకు అర్థంకానిది పిన్నికి అర్థమైంది. అమ్మకి కావలసింది పూజ జరగడం కాదు, తను చెయ్యడం.

సాయంత్రం అడిగాను. "నీకు ఇబ్బందిగా లేదా పిన్నీ?"

"ఏటి ఇబ్బంది? ఎడం సేతికి ఎక్సర్‌సైజు కావాల. డాక్టరు బంతి నొక్కమన్నాడు, మీ అమ్మ బంతి ఇసిరికొట్టింది. బొట్టైతే రోజూ పదకొండు ఎడతాది." మళ్ళీ తనే అంది, "మొక్కేది మీ అమ్మ. నాను పట్టుకుంటన్నాను, అంతే. దీపం మట్టుకు నాను ఎలిగించను. అది మీ అమ్మకీ తెల్సు."

"మీ చర్చిలో తెలిస్తే?"

"తెలిస్తే అడుగుతారు. అడిగితే సెప్తాను."

తెలిసింది, అడిగారు. ఒక శనివారం వాళ్ళ పాస్టరుగారు వచ్చారు. చిన్నవాడే, మెత్తగా మాట్లాడే మనిషి. పిన్ని మా ఇంట్లో ఉందని తెలిసి మా వరండాలోకే వచ్చి కూర్చున్నారు. నేను టీ ఇచ్చాను. ఆయన కప్పు పక్కన పెట్టుకున్నారు కానీ తాగలేదు.

"అమ్మగారూ, మీ మీద గౌరవం కొద్దీ అడుగుతున్నాను. మీరు విగ్రహాలకి పరిచర్య చేస్తున్నారని సంఘంలో కొందరు బాధపడుతున్నారు. మీరు ఆదివారం పిల్లలకి పాఠం చెప్పే మనిషి కదా."

"మనిషికి సేస్తన్నానయ్యగారూ. పటానికి కాదు."

"చూసేవాళ్ళకి ఆ తేడా తెలియదు కదమ్మా. మన పిల్లలు చూస్తే ఏమనుకుంటారు?"

ఆ మాట పిన్నికి తగిలింది. ఆయన తప్పు మాట్లాడలేదని నాకూ అనిపించింది. ఆయన నమ్మినదాని ప్రకారం అది అడగవలసిన ప్రశ్నే. పిన్ని తన చేతులు చూసుకుంది.

"నాను కూడా రోజూ అడుగుతన్నానయ్యగారూ, ప్రార్థనలో. తప్పయితే సెప్పు, మానేస్తానని. ఇంకా జవాబు రాలేదు. ఈలోగా ఆవిడకి పొద్దవుతాది, నన్ను పిలుస్తాది. ఏటి సెయ్యమంటారు?"

లోపల గదిలోంచి అమ్మ "అది," అంది. పిన్ని లేచి వెళ్ళిపోయింది. ఆయన కాసేపు కూర్చుని, నాకు నమస్కారం పెట్టి వెళ్ళారు. టీ చల్లారిపోయింది.

ఆ తరవాత సుమారు ఏడాదిపాటు పిన్ని ఆదివారం పిల్లలకి పాఠం చెప్పలేదు. ముందు వరసలో కూర్చోవడం కూడా మానేసింది. ఎవరు మానమన్నారో, తనే మానిందో నాకు చెప్పలేదు. అడిగితే, "ఎనక బెంచీలో ఫేను గాలి బాగా తగుల్తాదే," అంది. పాఠాలకోసం రంగు పెన్సిళ్ళతో వేసుకున్న అట్టలు కొన్ని ఆమె బీరువా మీద ఉండేవి: పడవ, గొర్రెపిల్ల, రొట్టెలు. వాటిమీద దుమ్ము పట్టడం చూశాను. ఎవరింట్లో దుమ్మైనా తుడిచే మనిషి, వాటిని మాత్రం తుడవలేదు.

ఇవతల మా వైపునుంచి కూడా ఆమెకి దెబ్బ తగిలింది. ఆ దెబ్బలో నా వంతు ఉంది కనుక చెప్పి తీరాలి.

అమ్మని చూడ్డానికి వడ్డాదినుంచి పెద్దమ్మ వచ్చి పదిరోజులుంది. అమ్మకి అక్క, మడీ ఆచారం గట్టిగా ఉన్న మనిషి. ఒక క్రైస్తవురాలు దేవుడి గూట్లో చెయ్యి పెట్టడం చూసి మొదటిరోజే మొహం ముడుచుకుంది. నేను సర్దిచెప్పాను. నాలుగోరోజు, ఆదివారం, నేను ఇంట్లోనే ఉన్నాను. పిన్ని సింహాద్రి అప్పన్న పటం దించుతోంది. చాలా పాతది, మా అమ్మ పెళ్ళినాటిది. వెనక తాడు పుచ్చిపోయి ఉన్నట్టుంది. పుటుక్కున తెగింది. పటం గచ్చు మీద పడి అద్దం ముక్కలైపోయింది.

అమ్మ నోటినుంచి ఒక అరుపు వచ్చింది. అది మాట కాదు.

"అందుకే సెప్పేను!" అంది పెద్దమ్మ. "కిరస్తానం సెయ్యి పడితే ఉంటాదేటి? కావాలనే పడేసింది. ఆళ్ళకి మన దేముడంటే పడదు కదా!"

పిన్ని నా వంక చూసింది. తాడు తెగిందని నేను కళ్ళారా చూశాను. కాదు పెద్దమ్మా, అని ఒక్కమాట అంటే సరిపోయేది. రోజూ అయిదు క్లాసులు గొంతు చించుకుని మాట్లాడేదాన్ని. ఆ క్షణంలో నాకు ఒక్కమాట దొరకలేదు. పెద్దమ్మ పెద్దది, ఊరినుంచి వచ్చింది, పోట్లాట ఎందుకులే అనుకున్నాను. తల దించుకున్నాను.

పిన్ని కింద కూర్చుని గాజుముక్కలన్నీ చేత్తో ఏరింది. వేలు తెగింది. "తప్పు నాదే," అంది. ముక్కలు కాగితంలో చుట్టి, పటం కూడా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. పెద్దమ్మ స్నానం చేసి, మడికట్టుకుని, గూటి దగ్గర కూర్చుని శాస్త్రోక్తంగా పూజ చేసింది. హారతి తెచ్చి అమ్మ ముందు పెడితే అమ్మ కళ్ళు మూసుకుంది. "కాదు," అంది. కుంకం భరిణె అందిస్తే చేత్తో తోసేసింది. భరిణె దొర్లి కుంకమంతా పక్కమీద ఒలికింది. ఆ పూట గంజి కూడా తాగలేదు. రెండోరోజూ అంతే. ఎడమచెయ్యి ఎత్తి గోడవైపు చూపించింది. గూటివైపు కాదు, ఆ గోడ అవతలివైపు.

నేను వెళ్ళాను. పిన్ని కుర్చీలో కూర్చుని ఉంది, వేలికి ప్లాస్టరు. బల్లమీద న్యూస్‌పేపరులో చుట్టిన పటం. అద్దం కొత్తది, వెనక తాడు తీసేసి ఇత్తడి తీగ కట్టి ఉంది. బజార్లో పటాలు కట్టే సాయిబుగారి దగ్గరికి పగిలిన రోజు మధ్యాహ్నమే పట్టుకెళ్ళిందట.

"ఆయన నన్ను సూసి నవ్వేడే. 'నీకేటమ్మా అప్పన్నతో పని?' అన్నాడు. 'నీకేటి మరి?' అన్నాను. 'ఊళ్ళో పటాలన్నీ నా సేత్తోనే కట్టేను, నా ఇంట్లో ఒక్క పటం లేదు,' అన్నాడు. ఇద్దరం కూసేపు నవ్వుకున్నాం."

ఆమె నవ్వడానికి ప్రయత్నించింది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "తాడు తెగడం నేను చూశాను పిన్నీ. చెప్పలేదు. తప్పైంది," అన్నాను.

"నువ్వు సూసేవని నాకు తెల్సు," అంది. నేను ఏడుస్తుంటే నా తలమీద చెయ్యి వేసి ఉంచింది. తరవాత నెమ్మదిగా, "పగిలినప్పుడు ముందు గాజే కదా అనుకున్నాను. అబద్దం ఎందుకు, అలాగే అనుకున్నాను. తరవాత మీ అమ్మ మొకం సూసేను. నా బైబిల్లో పొటో ఎవరేనా సింపేస్తే నా మొకం అలాగే ఉంటాది. అందుకే రాలేదు. ఆ మొకం మళ్ళీ సూడ్లేక," అంది.

పటం పట్టుకుని ఇద్దరం వచ్చాం. పెద్దమ్మ వసారాలో బియ్యం ఏరుతోంది, మమ్మల్ని చూసి మళ్ళీ చేటలోకి తల వంచింది. పిన్ని కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుని లోపలికి వెళ్ళింది. అమ్మ మోకాళ్ళ మీద అప్పన్నని నిలబెట్టి పట్టుకుంది. అమ్మ వేలు కుంకంలో ముంచి బొట్టు పెట్టింది. చక్కగా నుదుటి మధ్యన పడింది.

ఆ తరవాత అమ్మ అదే వేలు, ఎర్రగా ఉన్న వేలు, పిన్ని నుదుటి దాకా తీసుకెళ్ళింది. పిన్ని కదల్లేదు. తల వెనక్కి తీయలేదు, ముందుకి వంచలేదు. అమ్మ వేలు గాల్లో ఆగింది. అప్పుడు అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ వేలిని తన చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది, ఎరుపు పోయేదాకా. పోయిందో లేదో కళ్ళ దగ్గర పెట్టి చూసుకుంది. ఆ తరవాత పిన్ని చెంప మీద అరచెయ్యి ఆనించింది.

"అది," అంది.

పిన్నికి ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే. గుమ్మంలో పెద్దమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలీదు. వంటింట్లోకి వెళ్ళి, కాఫీ కలిపి తెచ్చి, పిన్ని చేతికిచ్చి, "పంచదార సాలకపోతే సెప్పు," అంది. పెద్దమ్మ క్షమించమని అడిగే మనిషి కాదు. ఆ కాఫీ ఎందుకిచ్చిందో పిన్నికి తెలుసు. మొత్తం తాగింది.

అమ్మ ఆ తరవాత రెండేళ్ళు బతికింది. పోయినరోజున అమ్మ ఒంటిని ఆఖరిసారి తుడిచింది పిన్నే. తరవాత మా వాళ్ళు చెయ్యవలసినవి మొదలుపెట్టగానే వీధి అవతలికి వెళ్ళి నిలబడింది. పదకొండోరోజున వంటలు దించగానే, విస్తరి వెయ్యకముందే, నేను స్టీలు డబ్బాలో ఆమె వాటా తీసిపెట్టాను. ఎవరూ చెప్పలేదు. చెయ్యి అలవాటుగా వెళ్ళింది. డబ్బా తీసుకుని మూత తీసి చూసి, "ముందే తీసేవా?" అంది పిన్ని. తలూపాను. అక్కడే గడపమీద కూర్చుని తినేసింది.

చర్చిలో పిల్లలకి మళ్ళీ ఆమే పాఠం చెప్పింది, ఆఖరి ఏళ్ళన్నీ. పిల్లలే అడిగారట. కొత్తగా చెప్పేవాళ్ళకి బొమ్మలు వెయ్యడం రాదని. బొమ్మలకి మొక్కకూడదన్న పాఠం కూడా ఆమే చెప్పేది, బొమ్మలు వేసి మరీ. ఒకసారి నేను ఆటపట్టిస్తే, "నమ్మకపోతే సెప్పనే. నమ్మేను కాబట్టే సెప్తన్నాను," అంది. నిజమే. ఆమె చివరిదాకా ఏ పటానికీ తల వంచలేదు. నేను ఇవాళ పొద్దున్న కూడా దీపం వెలిగించే ఇంటినుంచి బయల్దేరాను. మా మధ్య ఆ గోడ ఎన్నడూ కూలిపోలేదు. కూలిపోవాలని మేమిద్దరం ఎప్పుడూ అనుకోలేదు కూడా.

బుధవారం సాగనంపారు. ఆమె ఫొటో కోసం ఇల్లంతా వెతికితే ఆసుపత్రి గుర్తింపు కార్డు మీదిది ఒక్కటే దొరికింది. సంఘంవాళ్ళు దాన్నే పెద్దది చేసి ఫ్లెక్సీ వేయించి గేటుకి కట్టారు. చూసి ఉంటే, "నా మొకం ఇంతెందుకు?" అనేది. పెట్టె దగ్గరికి వెళ్ళినప్పుడు నా చేతులు వాటంతటవే జోడించబోయాయి. ఆపుకున్నాను. దండం పెట్టించుకోవడం ఆమెకి ఇష్టంలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. పక్కనే నిలబడి ఉన్న పాస్టరుగారు నెమ్మదిగా, "ఆ రోజు మీ ఇంట్లో టీ తాగకుండా వెళ్ళాను," అన్నారు. "ఈసారి వచ్చి తాగండి," అన్నాను.

సమాధుల దొడ్డి ఊరి బయట, చెరకు తోటల మధ్యన. చెరకు ఆడే క్రషింగ్ రోజులు కావడంతో రోడ్డంతా పంచదార ఫ్యాక్టరీకి వెళ్ళే ట్రాక్టర్లు. మేం పెట్టె వెనకాల పాటలు పాడుతూ నడుస్తున్నాం. ఎదురుగా వస్తున్న మొదటి ట్రాక్టరు పక్కకి ఆగింది. డ్రైవరు, "ఎవలమ్మా?" అని అడిగాడు. "నర్సమ్మ," అన్నారెవరో. అతను ఇంజను ఆపేసి కిందకి దిగి, తలకి చుట్టిన తువ్వాలు తీసేశాడు. వెనక ట్రాక్టరువాడు హారను కొట్టబోయి, చూసి, తనూ ఆపేశాడు. దాని వెనకది, దాని వెనకది. ఒక్కొక్క ఇంజనూ ఆగుతుంటే మా పాట పెద్దగా వినబడసాగింది. కొందరు చేతులు జోడించారు. ఒకతను అరచెయ్యి గుండెమీద పెట్టుకున్నాడు. రోడ్డు పక్కన ఒక ముసలావిడ, ఏం చెయ్యాలో తోచకో ఏమో, జాకెట్టు చెయ్యి పైకి జరుపుకుని, ఎప్పుడో సూది పడిన జబ్బని రుద్దుకుంటూ నిలబడింది. పెట్టె చెరకు తోటల మలుపు తిరిగేదాకా ఆవిడ రుద్దుకుంటూనే ఉంది.